పాణ్యం పైకి పోతే

ఏమప్పా డ్రైవరూ, బస్సు తోల్తాండావా ఎనుమును కడుగుతాండావా, అని అరుద్దామని మద్దిలేటికి నోటిదాకా వచ్చింది గానీ, శిరివెళ్ల దాటకముందే ఆ మాట రెండుసార్లు అనేశాడు, మళ్లీ అంటే దింపేస్తానన్నాడు కండక్టరు, నవ్వుతూనే అన్నాడనుకో, అయినా మే నెల ఎండలో ఆ నవ్వును నమ్మి రోడ్డున పడేంత తిక్కలోడు కాదు తను, అందుకని నోరు మూసుకున్నాడు, మూసుకున్న నోట్లో మాట ఊరికే ఉంటుందా, చీమలాగా పాకుతానే ఉంటుంది, ఒళ్లో చింతకాయ తొక్కు డబ్బా ఒకటి, పెళ్లికి సరిపోయేంత తొక్కు కట్టిచ్చింది రంగమ్మ, ముగ్గురుండే ఇంటికి ఇంతెందుకే అంటే మోసుకపోరాదా, అన్నీ నీకు చెప్పాల్నా అంది, పెళ్లాం సంగతి అంతే, ఇరవై ఏళ్లుగా ఆళ్లగడ్డలో బోరు మోటార్లకు రాగితీగ చుట్టే మొగుడికి తీగ ఎటు తిప్పాలో కూడా ఆమే చెబుతుంది, సరే పోనీ, సాయంత్రం ఆట, పాణ్యం గెలవాల, గెలవకపోయినా కనీసం సమానంగానైనా నిలవాల, హన్నమ్మా, ఈ ఒక్క పూట సరిగ్గా నిలబడు తల్లీ, చేతులు సాపి నిలబడు, అని తెలీకుండా పైకే అనేశాడు.

ముందు సీట్లో ఎరువు సంచి మీద కాళ్లు పెట్టుకుని కూర్చున్న పెద్దాయన వెనక్కి తిరిగాడు, మాది పాణ్యమేప్పా, ఏం గెలవాల మా ఊరు, బండలాగుడు పోటీల్లోనా, ఎవురి ఎద్దులు, అని అడిగాడు, అప్పుడు చూడాలి మద్దిలేటి మొహం, ఎండాకాలంలో కరెంటు వచ్చిన ఇల్లు కూడా అట్లా వెలగదు, ఎద్దులు కాదు పెద్దాయనా, ఆడోళ్లు, మీ పాణ్యం ఆడోళ్లు ఫుట్‌బాల్ ఆడతాండారు, దసరాప్పుడు బేతంచెర్లోళ్లను తుక్కు కింద కొట్టినారు, ఊళ్లో ఉండి నీకు తెలీదా, అంటే పెద్దాయన సంచి మీదనుంచి కాళ్లు దించేశాడు, మా ఊళ్లోనా, యాడప్పా ఆడేది, అంటే జర్మనీలో అన్నాడు మద్దిలేటి, జర్మనీ యాడుంది, అంటే కర్నూలు దాటినాక అన్నాడు, అబద్ధం కాదు కదా, ఎటు పోయినా కర్నూలు దాటే పోవాల, పెద్దాయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, అప్పా, ఆళ్లల్లో మా కోడలు గిన ఉందేమో జూడు, ఆదివారమొస్తే ఇంట్లో కనపడదు, అన్నాడు, బస్సు బస్సంతా గొల్లుమంది, కండక్టరు టికెట్ల మిషను పట్టుకుని కిటికీకి ఆనుకుని నవ్వాడు, మద్దిలేటి మాత్రం సగమే నవ్వాడు, ఎందుకంటే ఆ జర్మనీ టీముకు పాణ్యం అని పేరు పెట్టింది తనే, ఆ పేరుతో ఇరుక్కున్నదీ తనే.

పేర్లు పెట్టింది పోయిన ఆగస్టులో, నంద్యాలలో చెల్లెలు నాగజ్యోతి ఇంట్లో, దాని కూతురు జాహ్నవి డిగ్రీ ఆఖరు సంవత్సరం, కాలేజీ టీములో గోలీ, అంటే గోలు ముందర నిలబడి వచ్చిన బంతినల్లా పట్టుకునే పిల్ల, వేళ్లకు ఎప్పుడూ తెల్లటి టేపు, ఆ ఆదివారం తను ఊరికే చెల్లెల్ని చూసిపోదామని వెళితే ఈ పిల్ల ఫోనును టీవీకి తగిలించి ఏదో ఆట చూస్తోంది, యాడిదమ్మీ ఇది, అంటే జర్మనీ ఆడోళ్ల లీగు మామా, పైది కాదు, దాని కిందది, రెండోది, అంది, రెండోదెందుకు, మొదటిది చూడొచ్చుగదా, టికెట్టేమన్నా కొంటాండామా, అంటే ఆ పిల్ల చెప్పిన జవాబు ఇప్పటికీ చెవిలో ఉంది, పైనోళ్లు దేవతల మాదిరి ఆడతారు మామా, ఆళ్లను చూసి చప్పట్లు కొట్టల్ల అంతే, వీళ్లయితే పొద్దున పనికి పోయి సాయంత్రం బూట్లేసుకునేటోళ్లు, తప్పులు చేస్తారు, తప్పు చేసినాక ఏం చేస్తారో నాకు అది కావాల, అంది, ఏడో తరగతితో బడికి దండం పెట్టిన మద్దిలేటికి ఇన్నేళ్లలో ఒక అయ్యవారు కూడా అంత మంచి మాట చెప్పలేదు, అందుకే చెప్పులు విడిచి కూర్చున్నాడు, కూర్చున్నవాడు ప్రతి ఆదివారం కూర్చుంటూనే ఉన్నాడు, ఆ ఊర్ల పేర్లు మాత్రం నోరు తిరగలేదు, గట్టి జంతిక కొరికినట్టు పళ్లకు తగులుతాయి, అందుకని అన్నింటికీ మన పేర్లే పెట్టేశాడు, ఎవరూ ఎక్కలేనట్టు పట్టిక పైన కూర్చున్న వాళ్లు అహోబిలం, గోలు ముందర నాపరాళ్లు పరిచినట్టు ఆడే వాళ్లు బేతంచెర్ల, సీజను చివరికొచ్చేకొద్దీ మాగే వాళ్లు బనగానపల్లె, ఎంత బాగా ఆడినా పైకి చేరకుండా మధ్యలోనే ఆగే వాళ్లు, అంటే నంద్యాల నుంచి కర్నూలు పోయే బస్సుకు దారిలో తగిలే ఊరులాగా, వాళ్లు పాణ్యం, జాహ్నవి నవ్వి నవ్వి మంచం మీద దొర్లింది, ఆ పాణ్యం గోలీ పేరేదో హన్నా అట, ఆసుపత్రిలో నర్సు పని చేస్తుందట, అయితే మన హన్నమ్మే, చర్చి వీధిలో సూదులేసే హన్నమ్మ ఇట్లనే ఉంటాది గదా, బొద్దుగా, అన్నాడు, అంతే, ఆ రోజు నుంచి జాహ్నవికి పాణ్యమే సొంతూరు, హన్నమ్మే గురువు.

సంక్రాంతి పోయినాక వచ్చింది అసలు సంగతి, బెంగుళూరులో ఆడపిల్లల క్లబ్బొకటి, మన దేశంలో రెండో లీగులో ఆడేది, జాహ్నవి ఆట చూసి గోలీగా తీసుకుంటామంది, ఉండేదానికి హాస్టలు, తినేదానికి తిండి, పొద్దున చదువు, సాయంత్రం ఆట, చెల్లెలి మొగుడు వెంకటేష్, ఆర్టీసీ డిపోలో మెకానిక్కు, మంచోడే గానీ ఏ బోల్టు బిగించాలన్నా పక్కనోడి మొహం చూసే రకం, మేనమామ సరే అంటేనే పంపిస్తా బావా, నీ ఒళ్లో కూర్చోబెట్టి చెవులు కుట్టించిన పిల్ల, నీ మాట కాదని యాడికి పంపుతా, అన్నాడు, క్లబ్బోళ్లకు మే నెలాఖరుకి చెప్పినా చాలంట, తొందరేం లేదు, అన్నాడు, మేనమామకు అంత అధికారం ఎవరిచ్చారో తెలీదు గానీ అది ఆ రోజు మద్దిలేటి నెత్తిన గంగాళంలాగా పడింది, పంపాల్నా, బెంగుళూరు ఏం దూరమప్పా అని నోరు చెబుతాంది, ఆదివారం బస్సెక్కి యాడికి పోతావురా అని కడుపు అడుగుతాంది, రంగమ్మకూ తనకూ పిల్లల్లేరు, ఉన్న షాపులో మోటార్లు మాట్లాడవు, కాలిపోయినవి కదా, వారమంతా కాలిన తీగ వాసన, ఆదివారం ఒక్కటే ఆ పిల్ల గొంతు, మామా చూడు చూడు అని భుజం మీద దరువు, అది పోతే ఇంక మిగిలేది సోమవారాలే, ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గు, అందుకని ఎప్పుడూ చేసేదే చేశాడు, ఎకసెక్కంలోకి దిగాడు.

అమ్మీ, పందెం కాద్దామా, అన్నాడు, అప్పుడు ఫిబ్రవరి, టీవీలో జర్మనీ మైదానమంతా మంచు, బంతి నారింజ పండు రంగులో దొర్లుతోంది, ఈ లీగులో పైనున్న రెండు టీములు పై లీగుకు పోతాయి గదా, మీ పాణ్యం పైకి పోతే నువ్వు బెంగుళూరు పో, మీ నాయనకు నేనే చెబుతా, పోలేదంటే నంద్యాల్లోనే బీఎడ్డు చదువుకో, అన్నాడు, అంటూ లోపల ఎంత నవ్వుకున్నాడో ఆ నరసింహస్వామికే తెలియాలి, ఎందుకంటే పైన అహోబిలం కదలదు, దాని కింద బేతంచెర్ల బండలు కదలవు, పాణ్యం మూడో మెట్టు మీద ఎప్పట్లాగే ఆగిపోయి ఉంది, చిన్నపిల్లను మోసం చేస్తాండావ్ రా మద్దిలేటీ, అనిపించింది, అయినా మోసంలో ఒక తీపి ఉంటుంది, జాహ్నవి కాసేపు గొణిగింది, అన్యాయం మామా, బేతంచెర్లను ఎట్ల దాటేది, ఆళ్లు మాకన్నా ఎంత ముందుండారో చూడు, అని మూతి ముడిచింది, చివరికి సరే కానీ అని టేపు చుట్టిన చెయ్యి చాచింది, ఆ రోజు ఆళ్లగడ్డ బస్సులో కిటికీ పక్కన కూర్చుని తను పాడుకుంటూ వచ్చాడు, పాట గుర్తులేదు, పాడినట్టు మాత్రం గుర్తు.

ఆ పాట నెల కూడా నిలవలేదు, ఉగాది దగ్గర పడిన రోజుల్లో రఫీ వచ్చాడు షాపుకు, పక్కన సెల్లు రిపేరు కొట్టు రఫీ, తను ఫోనెత్తకపోతే జాహ్నవి ఫోను చేసేది అతనికే, టీ గ్లాసు పట్టుకుని రఫీ అన్నాడు, మామా, నీ పందెం సంగతి ఫోన్లో చూసినా, నువ్వు మునిగిపోయినావ్, ఆ బేతంచెర్ల ఉండాది చూడు, అది ఒక పెద్ద క్లబ్బుకు రెండో టీమంట, ఆ క్లబ్బుది మొదటి టీము ఇప్పటికే పైలీగులో ఉండాది, ఒకే ఇంటికి రెండు రేషన్ కార్డులియ్యరు గదా, అట్ల ఇది ఎన్ని గెలిచినా పైకి పోయేదానికి లేదు, దాని వెనకాల ఉండే మూడోదానికే దక్కుతాది, అన్నాడు, మద్దిలేటి చేతిలో రాగితీగ ఆగిపోయింది, మూడోది, అంటే పాణ్యం, అంటే ఆ పిల్లకు తెలుసు, మూతి ముడిచిన రోజే తెలుసు, నన్నే బోల్తా కొట్టించింది ముండ, అని మొదట కోపమొచ్చింది, తర్వాత నవ్వొచ్చింది, ఎవరి మేనకోడలు మరి, ఫోను చేసి పందెం రద్దు అనొచ్చు, అది అన్యాయం కూడా కాదు, చెయ్యి ఫోను దాకా పోయింది కూడా, పోయి, పక్కనున్న టీ గ్లాసు ఎత్తుకుని వెనక్కి వచ్చింది, ఎందుకొచ్చిందో ఇప్పటికీ తెలీదు, రఫీ, ఈ మాట యాడా అనాకు, అన్నాడు, రఫీ పళ్లన్నీ బయటపెట్టి నవ్వి పోయాడు, తను మళ్లీ తీగ చుట్టడం మొదలుపెట్టాడు, నేను మోసపోయినానని అది అనుకుంటాంది, నేను మోసపోలేదని దానికి తెలీదు, అంటే మోసపోయింది అదే గదా, అని లెక్క కట్టుకున్నాడు, ఆ లెక్క తియ్యగా ఉంది, దాంట్లో పిల్ల బెంగుళూరు పోతుందన్న సంగతి కూడా ఉందని మాత్రం చూసీచూడనట్టు వదిలేశాడు.

అప్పటినుంచి పాణ్యానికి ఏం రోగమొచ్చిందో, గెలిచేది మానేసింది, హన్నమ్మ ఒక ఆదివారం కాళ్ల మధ్యనుంచి బంతిని వదిలేసింది, ఇంకో ఆదివారం ముందుకు ఉరికి మధ్యలో నిలబడిపోయింది, అటుపక్క బనగానపల్లె వాళ్లు మామిడికాయలు మాగినట్టు మాగుతూ నాలుగో మెట్టు మీదికి వచ్చి పాణ్యం మడమ మీద కాలు పెట్టారు, జాహ్నవి గోళ్లు కొరకడం మొదలుపెట్టింది, టేపు మీదుగానే, అది చూసినప్పుడల్లా మద్దిలేటి సోఫాలోంచి లేచి, హన్నమ్మా, నైటు డ్యూటీ మాన్పించండిరా ఆ పిల్లకు, అని టీవీని తిట్టేవాడు, ఎవరు గెలవకూడదని పందెం కాశాడో వాళ్ల కోసం మొక్కుకున్నాడు కూడా, అహోబిలం స్వామికి మొక్కుదామంటే ఆయన టీము ఆయనకుంది, పక్షపాతం చూపిస్తాడేమో, అందుకని తన పేరు గల మద్దిలేటి స్వామికే కొబ్బరికాయ ఒప్పుకున్నాడు, స్వామీ, నా పేరు నిలబెట్టాకు, పాణ్యం పేరు నిలబెట్టు, అని.

నంద్యాల బస్టాండులో దిగేసరికి తారు కరిగి చెప్పుకు అంటుకుంటోంది, పాణ్యం పెద్దాయన దిగుతూ, మా ఊరు గెలిస్తే ఫోను చెయ్యప్పా, అన్నాడు పాపం, ఇల్లు చేరి తొక్కు డబ్బా నాగజ్యోతి చేతికిస్తే, అన్నా, వదిన ఇంత పంపిచ్చిందా, అని నవ్వి లోపలికి పట్టుకుపోయింది, కూలరు ముందర వెంకటేష్, టీవీ ముందర జాహ్నవి, అయిదున్నరకు సీజను ఆఖరి ఆట మొదలయింది, పాణ్యం ఒడ్డున పడాలంటే ఓడకుండా ఉంటే చాలు, ఓడి, ఇంకో మైదానంలో బనగానపల్లె గెలిస్తే మాత్రం అంతా గోవిందా, మొదట్లోనే పాణ్యం గోలు కొట్టింది, మద్దిలేటి లేచి బావను కావలించుకున్నాడు, బావ చేతిలోని మజ్జిగ బనియను మీద పడింది, తర్వాత అవతలి వాళ్లొకటి కొట్టారు, సమానం, సమానం చాలు తల్లీ, ఇట్లనే కూర్చోండి, ఎవరూ కదలాకండి, ఇంక కాసేపే ఉంది, మూలనుంచి బంతి గాల్లోకి లేచింది, హన్నమ్మ ఎగిరింది, రెండు చేతులా పట్టుకుంది, పట్టుకుంది అప్పా పట్టుకుంది, అని తను అరుస్తుండగానే ఆ బంతి తడిసిన సబ్బులాగా చేతుల్లోంచి జారి గోల్లోకి దొర్లిపోయింది, ఇల్లంతా కూలరు చప్పుడే, హన్నమ్మ ఒక్క క్షణం మోకాళ్ల మీద ఉండిపోయింది, తర్వాత లేచి, వలలోంచి బంతి తనే తీసి, మైదానం మధ్యలోకి విసిరి, తన వాళ్ల వైపు తిరిగి చప్పట్లు కొట్టింది, రండి రండి అని, చూసినావా మామా, అంది జాహ్నవి మెల్లగా, దీనికోసరమే గదా నేను చూసేది, అంది, విజిల్ మోగింది, ఫోన్లో చూస్తే బనగానపల్లె గెలిచింది, పాణ్యం నాలుగో మెట్టు మీద ఆగిపోయింది, ఎప్పట్లాగే, దారిలో.

అంటే పందెం తను గెలిచాడు, ఆ మాట మెల్లగా ఎక్కింది మద్దిలేటికి, ఆదివారాలు మిగిలాయి, పిల్ల నంద్యాల్లోనే ఉంటుంది, వచ్చే ఆగస్టుకు మళ్లీ జర్మనీ, మళ్లీ సోఫా, మామా చూడు చూడు, ఒక్క క్షణం కడుపు చల్లబడింది, అబద్ధమెందుకు, నిజంగానే చల్లబడింది, ముగ్గురూ ఎవరి వైపు చూస్తున్నారు, తన వైపే, జాహ్నవి ఏడవడం లేదు, అడగడం లేదు, వేళ్ల మీది టేపు ఒక్కో చుట్టూ విప్పుతోంది, ఇంక పనిలేదన్నట్టు, ఆ విప్పడం చూస్తూ ఉంటే తన చల్లబడిన కడుపు మీద తనకే అసహ్యమేసింది, ఏందీ, పాణ్యం పోకపోతే నువ్వు పోగూడదా, అని నోరు దానంతటదే తెరుచుకుంది, హన్నమ్మ బంతి జారవిడిస్తే మా పిల్ల ఇంట్లో కూర్చోవాల్నా, ఆమె ఎవురు, మనమెవురు, పందెం లేదు గిందెం లేదు, పో అమ్మీ, బెంగుళూరు పో, బావా, నేను చెబుతాండా, పంపించు, అని అరిచినట్టే అన్నాడు.

ముందు నాగజ్యోతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఏడుస్తాందేమో అనుకున్నాడు, కాదు, తర్వాత వెంకటేష్ మజ్జిగ బనియను కదిలింది, ఆపైన ముగ్గురూ ఒక్కసారి బద్దలయ్యారు, నవ్వు, ఏం నవ్వు అది, జాహ్నవి నేలమీద కూర్చుండిపోయింది, ఏందిరా మీకొచ్చిన తిక్క, అంటే వెంకటేష్ కళ్లు తుడుచుకుంటూ, బావా, తిట్టాకు, క్లబ్బోళ్లు మాట ఇయ్యమన్నది ఉగాదికే, నిన్ను తొందరపెట్టగూడదని మే నెల అని ఉత్తదే చెప్పినా, పిల్ల వస్తాదని అప్పుడే ఫోను చేసి చెప్పేసినా, ఎల్లుండి బస్సుకు పోతాంది పిల్ల, అన్నాడు, మద్దిలేటికి చెవుల్లో కూలరు మోగింది, మేనమామను అడగకుండానా, ఒళ్లో కూర్చోబెట్టుకుని చెవులు కుట్టించినోడిని అడగకుండానా, నేనింకా బతికే ఉండాగదా, అని ఈసారి నిజంగా కోపం వచ్చింది, ఊరంతటికీ ఎకసెక్కం చేసేవాడికి తనకు జరిగితే ఎంత మండుతుందో అప్పుడు తెలిసింది, తువ్వాలు భుజానేసుకుని లేచాడు, జాహ్నవి చెయ్యి పట్టి ఆపింది, అడిగినాం మామా, నిన్ను అడగకుండా ఎట్ల పోతా, అంది, ఎప్పుడు అడిగినారే, అంటే, ఉగాది ముందర, అంది, నన్నెవరూ అడగలా, అంటే, రఫీ అన్నను నీ షాపుకు పంపింది ఎవరనుకుంటాండావ్, అంది.

కూర్చున్నాడు మద్దిలేటి, బేతంచెర్ల రూలు నీకు చెప్పమని నేనే పంపినా మామా, రద్దు అని ఫోను చేస్తావా లేదా అని పొద్దుగూకిందాకా ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నా, నువ్వు చెయ్యలా, ఆ మాపటికే నాయన క్లబ్బుకు చెప్పేసినాడు, అంది జాహ్నవి, మరి ఈ పాణ్యం, ఈ మొక్కులు, ఈ గోళ్లు కొరకడం ఏందే, అంటే, అది నిజమే మామా, ఆళ్లు గెలవాలని నాకూ ఉండ్య, అంది, అని మళ్లీ నవ్వింది, వంటింట్లోకి పోతూ నాగజ్యోతి, వదినకు కూడా తెలుసులే అన్నా, అంత తొక్కు కట్టిచ్చింది హాస్టలుకే, అని కేకేసింది, మద్దిలేటి భుజం మీది తువ్వాలు తీసి పక్కన పెట్టాడు, రఫీ వచ్చిన ఆ మధ్యాహ్నం గుర్తొస్తోంది, కాలిన తీగ వాసన, టీ గ్లాసు, ఫోను దాకా పోయి వెనక్కొచ్చిన చెయ్యి, అది ఎందుకొచ్చిందో ఇన్నాళ్లూ అర్థం కాలేదు, ఇప్పుడు అర్థమవుతాంది, నోరు అరిచింది ఈ సాయంత్రం గానీ చెయ్యి ఆ రోజే సరే అనేసింది, ఆ సంగతి నంద్యాలలో ముగ్గురికీ తెలుసు, ఆళ్లగడ్డలో రఫీకి తెలుసు, రంగమ్మకు తెలుసు, బెంగుళూరులో ముక్కూ మొహం తెలియని క్లబ్బు వాళ్లకు కూడా తెలుసు, రెండు నెలలుగా తెలియంది ఒక్క మద్దిలేటికే.